క్లారా షూమన్: అరవై ఏళ్ళు దాటిన పియానో ప్రస్థానం

శాస్త్ర నియమాల కన్నా వ్యక్తి అనుభూతికే పెద్దపీట వేసిన పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా సంగీతాన్ని రొమాంటిక్ యుగ సంగీతమని, తెలుగు విమర్శకుల మాటలో కాల్పనికయుగ సంగీతమని అంటారు. ఆ యుగంలో అగ్రశ్రేణి పియానో విద్వాంసురాలైన క్లారాను స్వరకర్త రాబర్ట్ షూమన్ భార్యగా పరిచయం చేయడం పరిపాటి అయినా, నిజానికి వారి పెళ్ళినాటికి కచేరీ రసికులకు ఎక్కువగా తెలిసిన పేరు ఆమెదే.

1819 సెప్టెంబరు 13న జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టిన క్లారాకు తండ్రి ఫ్రీడ్రిష్ వీక్ తొలి గురువు. తల్లిదండ్రులు విడిపోగా తండ్రి వద్దే పెరిగిన ఆ బాలిక మీద ఆయన అదుపు ఎంతటిదంటే, కూతురి డైరీని సైతం ఆమే రాసుకుంటున్నట్టు ‘నేను’ అంటూ తానే రాసేవాడు. ఆ శిక్షణ ఫలితంగానే ఆమె 1828లో, తొమ్మిదేళ్ళ వయసులో, ఆ ఊరి ప్రసిద్ధ సంగీతమందిరం గేవాండ్‌హౌస్‌లో తొలిసారి వాయించింది. 1835లో అక్కడే స్వరకర్త మెండెల్‌సోన్ నిర్వహణలో తన సొంత కన్సర్టోను, అంటే ఒక ప్రధాన వాద్యానికి, వాద్యబృందానికి కలిపి కూర్చిన దీర్ఘరచనను, వినిపించింది. అందులోని రెండో భాగంలో వాద్యబృందం దాదాపు పూర్తిగా మౌనం వహించగా, పియానోతో ఒకే ఒక్క చెల్లో గొంతు కలుపుతుంది. పదహారేళ్ళ పిల్లకు కలిగిన ఆ ఊహ ఈనాటికీ అబ్బురం కలిగిస్తుంది. 1838లో ఆస్ట్రియా చక్రవర్తి ఆమెకు ఆస్థాన విదుషి గౌరవమిచ్చాడు.

రాబర్ట్‌తో పెళ్ళికి తండ్రి ససేమిరా అనడంతో కోర్టుకెక్కి అనుమతి పొందిన ఆ జంట, ఆమెకు ఇరవై ఒకటి నిండడానికి ఒక్కరోజు ముందు, 1840 సెప్టెంబరు 12న ఒక్కటైంది. ఎనిమిది కాన్పుల మధ్య, భర్త స్వరరచన చేస్తున్నంతసేపూ ఆయన ఏకాగ్రత చెదరకూడదని తన సాధన మానుకుంటూనే, ఆమె 1846లో పియానో, వయొలిన్, చెల్లోలకు ఒక ట్రియోను, అనగా మూడు వాద్యాల రచనను కూర్చింది. స్త్రీకి స్వరరచన తగదేమోనన్న సందేహాన్ని పెళ్ళికి ముందే డైరీలో రాసుకున్న మనిషి నుంచి అంత దృఢమైన రచన రావడం గమనించదగినది.

1854లో మతి చలించి రైన్ నదిలో దూకిన రాబర్ట్‌ను పడవవాళ్ళు రక్షించినా, ఆయన బాన్ సమీపంలోని ఎండెనిష్ చికిత్సాలయంలోనే 1856లో కన్నుమూశాడు. రెండేళ్ళకు పైగా చూడనివ్వని భర్తను ఆమె చివరి రెండు రోజుల్లో మాత్రమే చూడగలిగింది. ఏడుగురు పిల్లల పోషణకు కచేరీలే ఆధారం కాగా స్వరరచన దాదాపు ఆగిపోయింది. సంగీతానికి జరిగిన ఈ నష్టాన్ని ఆమె కచేరీల కీర్తి పూడ్చలేదు. అయితే ఆ కచేరీల ప్రభావం తక్కువది కాదు: స్వరపత్రాలు ఎదుట పెట్టుకోకుండా వాయించిన తొలితరం విద్వాంసుల్లో ఆమె ఒకరు. ఒపెరా పాటల మీద అల్లిన హంగామా రచనల స్థానంలో బాఖ్, బెథోవెన్, షోపాన్, రాబర్ట్‌ల రచనలకు చోటిచ్చి, నేటి పియానో కచేరీ స్వరూపాన్ని తీర్చిదిద్దడంలో ఆమె ముఖ్యపాత్ర వహించింది.

1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోహ్ సంగీత కళాశాలలో బోధించిన క్లారా, 1891లో అదే నగరంలో చివరి బహిరంగ కచేరీ చేసింది. 1896 మే 20న మరణించిన ఆమె ఆ కచేరీలో వాయించినది, 1853లో ఇరవై ఏళ్ళ కుర్రవాడిగా తమ ఇంటి తలుపు తట్టి జీవితాంతం మిత్రుడిగా నిలిచిన స్వరకర్త బ్రామ్స్ రచననే.