పగడపు దిబ్బలకు క్రొత్త మొలకలు

మా ఘనపూరునకు సముద్రము బహుదూరము. ఐనను పగడమును చూడని ఇల్లు మా ఊర లేదు. నల్లపూసల నడుమ మంగళసూత్రమునకు గ్రుచ్చెడి ఎఱ్ఱని పూస అదియే కదా. కోటగుళ్ళ వలన మా ఊరిని ఎఱిగినవారు కాకతీయ గణపతిదేవుని పేరును ఎఱుగుదురు. ఆ రాజు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమునందు, సుంకము గొనవలసిన సరకులలో పగడములును పేర్కొనబడినవి. పూసలకు పనికివచ్చు ఆ ఎఱ్ఱపగడము ముఖ్యముగా మధ్యధరా సముద్రమునందలిది. నేడు నేను మనవి చేయబోవునది దాని దాయాదియగు వేఱొక పగడమును గూర్చి. వెచ్చని సముద్రములలో, ఎండ సోకునంతటి లోతున, సున్నపు దిబ్బలు కట్టునది ఇదియే.

ఘనపూరు వానికి ఆ దిబ్బలతో పనియేమని మీరడుగవచ్చును. అండమాను దీవులలో మన తెలుగువారు వేలకొలదిగా నివసించుచున్నారు. పోర్టు బ్లెయిరు, అనగా 2024 నుండి శ్రీవిజయపురమనబడు పట్టణమున, జంగ్లీఘాటు తెలుగు జాలరులకు పేరుపడిన చోటు. వారి వలలలో పడు చేపలలో అనేకములకు నీడయు గ్రాసమును ఈ దిబ్బలే.

పగడము చెట్టు కాదు, రాయి కాదు, ప్రాణి. చిన్నపాటి శరీరము, నడుమ నోరు, నోటి చుట్టును మీసముల వంటి పోగులు. అట్టి ప్రాణులు వేలు, లక్షలు కలిసి కాపురముండును. వాని దేహములలో కంటికగపడని నాచుమొక్కలు వసించి, సూర్యరశ్మితో ఆహారము వండి పెట్టును. నీటి వేడిమి వేసవిలో ఎప్పుడును ఉండు హద్దుకంటె ఒక్క డిగ్రీ మించి కొన్ని వారములు నిలిచెనా, పగడము ఆ వంటవారిని వెళ్ళగొట్టి తాను తెల్లబారును. వేడి తగ్గనిచో ఆకలితో చచ్చును. అండమానులో 2010 వేసవియందు ఇట్లే జరిగినది.

చచ్చిన దిబ్బ మరల బ్రదుకుట యెట్లు? ఇచ్చట నాకు మా చెరువులు జ్ఞప్తికి వచ్చును. ఓరుగల్లు సీమలో చెరువులు గొలుసుకట్టుగా నుండును. ఎగువ చెరువు మత్తడి దుమికినపుడు ఆ నీటితో చేపపిల్లలు దిగువ చెరువునకు వచ్చును. ఎండి నెఱ్ఱెలు వాసిన చెరువున మరల చేప కనబడుటకు ఇదియొక దారి. పగడములకును ఇంచుమించు ఇట్లే. చాల జాతులు ఏటికొకసారి, పున్నమి వెళ్ళిన కొలది రాత్రులలో, ఒక్కుమ్మడిగా అండములను బీజములను నీటిలోనికి విడుచును. అందుండి పుట్టు డింభకము ఇంచుమించు ఆవగింజంత. అది కొన్ని దినములు ప్రవాహమున తేలి, తుదకొక రాతిని వెదకికొనును. ఏ రాయియైనను దానికి సరిపడదు. గులాబివన్నె సున్నపునాచు పట్టిన రాయి యన్న మక్కువ. ఒండ్రు పేరుకొన్న చోటను, పీచునాచు క్రమ్మిన చోటను దిగుట అరుదు. దిగినను బ్రదుకుట కష్టము. ఆ పీచునాచును మేసి రాతిని శుభ్రపరచువానిలో చిలుకముక్కు వంటి నోరుగల చేప ముఖ్యమైనది. ఆ చేపలను మితిమీరి పట్టిన తావున పగడపు పసికందులకు నిలువ చోటుండదు.

సరి, వేడి ఈ పసికందుల రాకను ఏమి చేయును? కాల్చిన మట్టి పలకలను దిబ్బమీద బిగించి, కొన్ని వారముల పిదప పైకి తీసి, వానిపై దిగిన పిల్లలను శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో లెక్కింతురు. మన ఇంటికప్పు పెంకు వంటిదే ఆ పలక. ఇంత సులువైన ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. ఆస్ట్రేలియా తూర్పు తీరపు మహాప్రవాళభిత్తిపై 2016, 2017 సంవత్సరములలో వరుసగా వేడి తగిలెను. 2018లో లెక్కింపగా, పూర్వపు రాకతో పోల్చినచో 89 శాతము తగ్గినది. తల్లులు లేనిచోట పిల్లలెక్కడివి? బ్రదికిన తల్లులును నీరసించి తక్కువ అండములు పెట్టును. పైగా వెచ్చని నీటిలో డింభకము త్వరగా ముదిరి, పుట్టినచోటికి దాపుననే దిగును. ఎగువ చెరువు మత్తడి దుమికినను దిగువకు నీరందనట్లే.

దీనికి ఎదురు సాక్ష్యమొకటి కలదు. ఆస్ట్రేలియాకు వాయవ్యమున, తక్కిన దిబ్బలకు బహుదూరముగా, స్కాట్ దిబ్బ యున్నది. 1998 వేడికి అందలి పగడము చాలవరకు నశించెను. పిమ్మట ఆరేండ్లపాటు క్రొత్తపిల్లల రాక పూర్వపు దానిలో 6 శాతమునకు లోపే. బయటి సాయము రాలేదనియే చెప్పవలెను. ఐనను 12 ఏండ్లలో సజీవమగు పగడము 9 శాతమునుండి 44 శాతమునకు పెరిగినది! మిగిలిన కొలదియు మొదట తామే విస్తరించి, పిదప పిల్లలను పెట్టినవి. నాచును మేయు చేపలు సమృద్ధిగా నుండెను. నీటిలో ఒండ్రు స్వల్పము. గొలుసు తెగిన చెరువు తన మడుగున మిగిలిన చేపలతోనే మరల నిండినట్లు.

కాని అందుకు 12 ఏండ్లు పట్టినవి. 2016లో ఆ దిబ్బకే మరల వేడి తగిలెను. మన లక్షద్వీపములలో 1998లోను, 2010లోను, 2016లోను పగడములు తెల్లబారినవి. 1998లో సుమారు 52 శాతముండిన సజీవ పగడము 2017 నాటికి 11 శాతమునకు దిగెను. వేడి వచ్చిన ప్రతిపర్యాయమును చచ్చునవి మునుపటికంటె తగ్గుచున్నవి, ఏలయన మిగిలినవి గట్టివి. ఐనను కోలుకొను వేగము సన్నగిల్లుచున్నది. వేడికిని వేడికిని నడుమ దిబ్బకు దొరకిన ఎడము మొదట 12 ఏండ్లు, పిదప 6 ఏండ్లు. 2024 వేసవిలో అచ్చటి పగడములు మరల తెల్లబారినవి.