పడవలో వెలుగుకు లెక్క ఉంది!
ఇంజిన్‌కు ఒక బ్యాటరీ... అవసరాలకు మరొకటి

రాజోలు: రాత్రంతా దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. తెల్లవారి సరంగు తాళం తిప్పితే ఇంజిన్‌ మాత్రం ఉలకదు, పలకదు. ఒడ్డుకు దూరంగా లంగరు వేసిన పడవకు ఇంతకు మించిన ఇబ్బంది లేదు. ఒకే బ్యాటరీతో ఇంజిన్‌నూ, దీపాలనూ నడపడమే దీనికి మూలం. గోదావరి డెల్టా కాలువల్లో గెడ వేసి, తాడు కట్టి లాగిన పడవలకు ఒకప్పుడు లాంతరే దిక్కు. నేడు దిండి హౌస్‌బోట్లు మొదలుకొని చిన్న పడవల వరకు విద్యుత్తు లేనిదే గడవదు. ఆ ఏర్పాటు ఎలా ఉండాలో యజమానులు తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

రెండూ వేరు
ఇంజిన్‌ స్టార్టు చేసే బ్యాటరీ కొద్ది క్షణాలపాటు వందల ఆంపియర్లు ఇస్తుంది. దీపాలు, ఫ్యాన్లకు గంటల తరబడి కొద్దికొద్దిగా విద్యుత్తు కావాలి. ఇందుకు ట్యూబులార్‌ వంటి డీప్‌ సైకిల్‌ బ్యాటరీ అనువైనది. రెంటినీ వేర్వేరుగా ఉంచి, నడుమ వోల్టేజిని బట్టి పనిచేసే రిలే అమర్చుకోవాలి. ఇంజిన్‌ నడిచేటప్పుడు ఆల్టర్నేటర్‌ నుంచి వచ్చే వోల్టేజి సుమారు 13.3 దాటగానే రిలే రెండు బ్యాటరీలనూ కలుపుతుంది. ఇంజిన్‌ ఆగి 12.8కి తగ్గగానే విడదీస్తుంది. రాత్రి ఫ్యాన్లు ఎంతసేపు తిరిగినా ఇంజిన్‌ బ్యాటరీ జోలికి పోవు.

ముందు లెక్క... తర్వాతే కొనుగోలు
ఆరు వాట్ల ఎల్‌ఈడీ దీపాలు ఎనిమిది, ఐదు గంటలు వెలిగితే 240 వాట్‌ అవర్లు. 25 వాట్ల ఫ్యాన్లు నాలుగు, ఎనిమిది గంటలు తిరిగితే 800. ఆరు సెల్‌ఫోన్ల ఛార్జింగ్‌కు 90, పడవ అడుగున చేరే నీటిని తోడే మోటారుకు 30. మొత్తం 1,160. దీనిని 12 వోల్టులతో భాగిస్తే దాదాపు 100 ఆంపియర్‌ అవర్లు. లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీని తరచూ సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. కనుక కనీసం 200 ఆంపియర్‌ అవర్ల బ్యాటరీ తప్పనిసరి. వాడకం ఆపి కొంతసేపు ఉంచాక 12.7 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు. 12.2కి వస్తే సగం ఖాళీ అయినట్లే.

ఏసీ సంగతి వేరు. టన్ను సామర్థ్యం గల ఏసీ కంప్రెసరు ఆడుతున్నంతసేపు సుమారు 1,000 వాట్లు లాగుతుంది. ఇన్వర్టరు ద్వారా ఇవ్వాలంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 90 ఆంపియర్లకు పైనే పోతుంది. పైన చెప్పిన బ్యాటరీ గంటకే సగం ఖాళీ అవుతుంది. ఏసీ గదులున్న పడవలు జనరేటర్‌నో, ఒడ్డు నుంచి వచ్చే కరెంటునో నమ్ముకోవలసిందే.

కొబ్బరి నీడతో చిక్కు
పడవ కప్పుపై 400 వాట్ల సౌర ఫలకాలు అమర్చితే మంచి ఎండ ఉన్న రోజున నష్టాలు పోను 1,100 వాట్‌ అవర్ల వరకు వస్తుంది. పై లెక్కకు ఇది దాదాపు సరిపోతుంది. అయితే కోనసీమ కాలువ గట్ల మీది కొబ్బరి చెట్లే ఇక్కడ చిక్కు. ఫలకంలో ఓ మూల నీడ పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. పగలు పడవను నిలిపేటప్పుడు నీడలేని చోటు చూసుకోవాలి. వానాకాలంలో ఇంజిన్‌ ఛార్జింగ్‌ తోడు కావాలి. ఫలకాలకూ బ్యాటరీకీ మధ్య ఛార్జి కంట్రోలర్‌ తప్పనిసరి. లిథియం బ్యాటరీ పెట్టుకునేవారు దానిని నేరుగా ఆల్టర్నేటర్‌కు కలపరాదు. అది ఆగకుండా విద్యుత్తును లాగడంతో ఆల్టర్నేటర్‌ కాలిపోవచ్చు. డీసీ నుంచి డీసీకి మార్చే ఛార్జర్‌ను నడుమ ఉంచాలి.

సన్నని తీగ... పెద్ద ముప్పు
పది మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో పది ఆంపియర్లు పంపితే రానూపోనూ 2.3 వోల్టులు దారిలోనే పోతాయి. 12 వోల్టులు కాస్తా పదిలోపుకు పడిపోతాయి. తీగ వేడెక్కుతుంది, మోటారు నీరసిస్తుంది. అదే ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.6 వోల్టుకు మించదు. బ్యాటరీ పాజిటివ్‌ కొసకు వీలైనంత దగ్గరలో ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు పోయిందని దాని స్థానంలో తీగ ముక్క చుట్టడం ప్రాణాలతో చెలగాటమే. ఒడ్డు నుంచి 230 వోల్టుల కరెంటు తీసుకునేవారు ఎర్త్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి.

2018 మే నెలలో పాపికొండల విహారానికి వెళ్తున్న పర్యాటక బోటు దేవీపట్నం మండలంలో గోదావరిపై మంటల్లో చిక్కుకుంది. ఒడ్డుకు చేరడంతో ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు. కారణం ఏదైనా, నీటి మధ్య నిప్పు పుడితే పరుగెత్తేందుకు చోటుండదు. ఛార్జింగ్‌ సమయంలో లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీ నుంచి మండే స్వభావం గల హైడ్రోజన్‌ వెలువడుతుంది. కనుక బ్యాటరీ పెట్టెకు పైభాగాన గాలి మార్గం ఉంచాలి. వంటగ్యాస్‌ సిలిండర్‌ను దాని దరిదాపుల్లో ఉంచరాదు.

కాలువలు కట్టేశాక...
వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేశాక పడవలు వారాల తరబడి కదలవు. బ్యాటరీ దానంతట అదే నీరసించి, లోపలి పలకలపై సల్ఫేటు గట్టిపడి పనికిరాకుండా పోయేది అప్పుడే. నెలకోసారి పూర్తిగా ఛార్జి చేయడం, డిస్టిల్డ్‌ వాటర్‌ మట్టం చూడటం, టెర్మినళ్ల తుప్పు తుడిచి వాజిలిన్‌ రాయడం మరువరాదు. నీళ్లు వదిలిన నాడు ఇంజిన్‌ తొలి తిప్పుకే పలకాలంటే ఈ శ్రద్ధ తప్పదు.