వడి వేరు, వేగం వేరు

క్షిపణి ‘వేగం’ ధ్వనికి మూడు రెట్లు అని పత్రికల్లో రాస్తుంటాం. హైస్కూలు భౌతికశాస్త్రం ప్రకారం అది వడి మాత్రమే. ఎంత త్వరగా పోతోందో చెప్పేది వడి. ఏ దిక్కుకు పోతోందో కూడా చెబితే వేగం. వాడుకలో రెండూ కలిసిపోయాయి. బస్సు ప్రయాణానికి నష్టం లేదు కానీ, సరిహద్దులో కాపలా కాసేవాడికి ఆ తేడాయే ముఖ్యం. అకాడమీలో మమ్మల్ని రాత్రిపూట దిక్సూచితో నడిపించేవారు. అడుగుల లెక్క ఎంత సరిగ్గా ఉన్నా, ఒక్క డిగ్రీ పక్కకు పోతే 10 కిలోమీటర్లకు 175 మీటర్లు దారి తప్పినట్టే.

2022 మార్చి 9 సాయంత్రం మన క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్‌లోని మియా చన్నూ దగ్గర పడింది. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టం. అది మొదట రాజస్థాన్‌లోని మహాజన్ ఫైరింగ్ రేంజి వైపు వెళ్తున్నట్టు తోచిందనీ, 70-80 కిలోమీటర్లు పోయాక వాయవ్యానికి తిరిగిందనీ పాక్ సైన్యం చెప్పింది. అలాంటి మలుపులో వడి ఇసుమంతైనా మారకపోవచ్చు. వేగం మాత్రం మారి తీరుతుంది.

వాళ్ల లెక్కలో అది తమ గగనతలంలో 3 నిమిషాల 44 సెకన్లలో 124 కిలోమీటర్లు ఎగిరింది. భాగించి చూస్తే సగటున సెకనుకు 550 మీటర్లు. అణ్వస్త్రాలున్న దేశంలో రాడార్ ముందు కూర్చున్న అధికారికి దక్కిన వ్యవధి అంతే. లక్ష్యం ఎక్కడుంది, ఎటు, ఎంత జోరుగా పోతోంది అన్నదాన్ని బట్టి మరో నిమిషానికి ఎక్కడుంటుందో లెక్కగడతారు. మలుపు తిరిగిన క్షణాన ఆ లెక్క చెల్లదు. హైపర్‌సోనిక్ ఆయుధాల భయమూ ఇదే. ధ్వనికి ఐదు రెట్లు దాటడం బాలిస్టిక్ క్షిపణులకు దశాబ్దాల నాటి విద్యే. ఆ జోరులో దారి మార్చుకుంటూ పోవడమే కొత్త.

ఇక్కడే మన రెండు దేశాల మధ్య ఒక లోటుంది. 2005 ఒప్పందం ప్రకారం బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు పొరుగు దేశానికి చెప్పాలి. గాల్లోకి లేచాక దాని దారిని చాలావరకు ముందే ఊహించవచ్చు. దారి మార్చుకోగల క్రూయిజ్ క్షిపణులేమో ఒప్పందం బయటే ఉన్నాయి. వాటినీ చేర్చాలన్నది నా అభిప్రాయం. పొరపాటుకు ముందస్తు నోటీసు ఉండదన్నది నిజమే. దానికి రెండు సైన్యాల మధ్య హాట్‌లైన్ ఉంది. ఆనాటి ఘటనపై మన రక్షణ శాఖ ప్రకటన మార్చి 11న వెలువడింది.