వార్తల్లో పదం: క్యాష్ ఫ్లో

కంపెనీ లాభం చూపిస్తోంది, కొత్త శాఖలు మాత్రం ఆపేసింది. రెస్టారెంట్ షేర్ల వార్తల్లో ఇలాంటిది కనిపిస్తే చూడాల్సింది క్యాష్ ఫ్లో: చేతికొచ్చిన డబ్బు, చేయి దాటిన డబ్బు.

రాయగడ జిల్లా పద్మపూర్‌లో టిఫిన్ హోటల్‌కైనా, డామినోస్ నడిపే జుబిలెంట్ ఫుడ్‌వర్క్స్‌కైనా ఈ వ్యాపారంలో ఒక సుఖం ఉంది. తిన్నవాళ్లు అక్కడికక్కడే బిల్లు కడతారు. పిండి, నూనె, పాల బాకీలు తర్వాత తీర్చొచ్చు. ఈలోగా చేతిలో ఆడే డబ్బే కొత్త గ్రైండర్‌కో రెండో శాఖకో పెట్టుబడి. అమ్మకాలు పడిపోయాయా, ఇదే తిరగబడుతుంది: గల్లా ఖాళీ, బాకీలవాళ్లు గుమ్మంలో.

అసలు మెలిక అద్దెలో ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ ప్రమాణం వల్ల దీర్ఘకాలిక లీజు చెల్లింపులు రోజువారీ నిర్వహణ పద్దులోంచి ‘ఫైనాన్సింగ్’ పద్దులోకి పోయాయి. దాంతో నిర్వహణ క్యాష్ ఫ్లో ఉన్నదానికంటే బొద్దుగా కనిపిస్తుంది. పైగా 5 శాతం జీఎస్టీ రెస్టారెంట్లకు ఓవెన్, ఏసీల మీద కట్టిన పన్ను తిరిగి రాదు. శాఖ ఖర్చు ఆ మేరకు బరువే.

షేరు కొనేముందు నిర్వహణ క్యాష్ ఫ్లోలోంచి లీజు చెల్లింపులు, కొత్త శాఖల ఖర్చు తీసేసి చూడండి. మైనస్ వస్తే, విస్తరణ పాత నిల్వలతోనో, అప్పుతోనో, కొత్త షేర్ల డబ్బుతోనో నడుస్తున్నట్టే.