ఊరి విత్తనాల తోటలో సాయంకాలపు పని

బడి దొడ్డిలోనో, పంచాయతీ బావి ప్రక్కనో పాత రకముల కూరగాయలను కలిసి పెంచు గ్రామములలో నాటునాడు పదిమంది వత్తురు. కాయలు కోయునాడు ఇరువదిమంది వత్తురు. నడుమ పూత కాలమున వచ్చువారే కరువు. తోటకు నిజముగా కావలసినది మీరు అప్పుడే.

బీరనే తీసికొనండి. ఒకే తీగపై మగపూలు, ఆడపూలు వేరుగా పూయును. తేనెటీగ పొరుగు చేనిలోని సంకర బీర పుప్పొడిని తెచ్చినచో ఆ కాయ మన పాత బీర వలెనే యుండును. మోసము బయటపడునది మరుసటి పంటలోనే.

బీరపూలు సాయంకాలము విచ్చును. కావున ఆనాడు మధ్యాహ్నమునకు ముందే విచ్చబోవు మొగ్గలను మెత్తని దారముతో కట్టవలెను. క్రింద చిన్న పిందె గలది ఆడమొగ్గ. సాయంకాలము విప్పి, అదే రకపు వేరొక పాదులోని మగపూవును దానిపై అద్ది, తిరిగి కట్టి, కాడకు ఎఱ్ఱదారము చుట్టవలెను.

ఎఱ్ఱదారపు కాయ కూరకు కాదు. లేతగా నున్నదని కోసికొనిపోవువారిలో పెద్దలే ముందు! కాయ తీగపైనే ఎండి, ఊపిన గింజలు గలగలలాడవలెను.

గింజలు బాగుగా ఆరిన పిదప పొడి బూడిద కలిపి రెండిండ్లలో దాచవలెను. ఒకచోట ఎలుకలు తిన్నను రెండవచోట మిగులును. 2001 నాటి రైతుల హక్కుల చట్టము ప్రకారము విత్తనము దాచుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు రైతుకు హక్కు కలదు. ఏ కాయను ఎవరు, ఏ తేదీన కట్టిరో ఒక పుస్తకములో వ్రాసిన చాలును.