పంచాయతీ లెక్క రాసేవాడి జీతం ఎవరి సమస్య?

పంచాయతీ ఉద్యోగుల జీతాల మాట ఎత్తితే కూలి సంఘం సమావేశాల్లో కొందరు మొహం చిట్లిస్తారు. "వాళ్లకేం, నెల తిరిగితే జీతం పడుద్ది. మా కూలి సంగతి చూడండి ముందు" అంటారు. ఆ మాటలో కోపముంది, కోపానికి కారణమూ ఉంది. అయినా ఈసారి మేము ఆ జీతాల గురించే రాయదలచుకున్నాము. దళితవాడకు పైపులైను వస్తుందా రాదా, ఊరు ఊడ్చే కార్మికుడికి నెల డబ్బు అందుతుందా లేదా అన్నది పంచాయతీ జమాఖర్చు రాసే మనిషి చేతిమీదుగానే తేలుతుంది.

ఆ లెక్క ఎంతటిదో చూద్దాం. ఇంటి పన్ను డిమాండు రిజిస్టరు, రసీదు పుస్తకాలు, క్యాష్ బుక్కు, ఓచర్లు, పనుల కొలతలు రాసే ఎం-బుక్కు ఇవన్నీ పాతవే. వీటి నెత్తిన 2020 ఏప్రిల్ 24న కేంద్రం ప్రారంభించిన ఇ-గ్రామ్ స్వరాజ్ వచ్చి కూర్చుంది. లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. దాంతోపాటు ఒక షరతు పెట్టింది: 2023-24 నుంచి, గత ఏడాది ఖాతాలు, అంతకుముందటి ఏడాది ఆడిట్ అయిన ఖాతాలు ఆన్‌లైన్‌లో పెట్టని సంస్థకు గ్రాంటు లేదు. ఆ గ్రాంటులో 60 శాతం మంచినీళ్లకూ పారిశుధ్యానికీ కేటాయించినది. అంటే లెక్క తప్పితే ఎండేది ఊరి కుళాయే.

ఇక మిగతా 40 శాతం ఊరు తన అవసరాన్నిబట్టి దేనికైనా వాడుకోవచ్చునట. ఒక్క జీతాలకు, ఆఫీసు ఖర్చులకు మాత్రం వాడరాదు. లెక్క కావాలి గానీ, లెక్క రాసే మనిషి కోసం అందులో పైసా ముట్టుకోరాదన్నమాట!

ఈ వరస ఇవాళ్టిది కాదు. 2000-05 కాలానికి సిఫార్సులు చేసిన 11వ ఆర్థిక సంఘం, శిక్షణ పొందిన లెక్కల సిబ్బంది లేని పంచాయతీలు ఆ పని బయటివారికి కాంట్రాక్టుకు ఇచ్చుకోవచ్చునని చెప్పి, పంచాయతీకి సగటున ఏడాదికి 4,000 రూపాయలు చూపించింది. నెలకు 333 రూపాయలు. ఆ డబ్బుకు లెక్క రాసేవాడు అటుంచి, లెక్క పుస్తకాలకు అట్టలు వేసేవాడు కూడా దొరకడు.

కరణాల కాలం చూసిన పెద్దలకు ఇందులో ఉన్న ప్రమాదం చెప్పనక్కర లేదు. 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా కరణానికి సర్కారు ఇచ్చేది స్వల్పం. అతని పెత్తనమంతా దఫ్తరంలో ఉండేది. లెక్క రాసేవాడికి సర్కారు చాలినంత ఇవ్వనప్పుడు ఊళ్లో ఉన్నవాడు ఇస్తాడు. ఎవడు ఇస్తే వాడికి అనుకూలంగా లెక్క తిరుగుతుంది.

మన రెండు రాష్ట్రాలు చేసిందేమిటి? తెలంగాణలో 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు ప్రకటన ఇచ్చారు. పోటీ పరీక్ష పెట్టి డిగ్రీ చదివిన పిల్లలను తీసుకుని నెలకు 15,000 చేతిలో పెట్టారు, మూడేళ్ల ప్రొబేషన్ అన్నారు. 2021లో జీతం 28,719 చేసి, ప్రొబేషన్‌ను నాలుగేళ్లకు లాగారు. చివరికి 2023 ఏప్రిల్ 28న వాళ్లు సమ్మెకు దిగవలసి వచ్చింది. ఆ ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా చాలు. బి.కాం. చదివినవాళ్లు కావాలని ఎవరూ అడగలేదు. పన్ను వసూలు, జనన మరణాలు, చెత్త ట్రాక్టరు, నర్సరీ అన్నీ ఆ ఒక్కరికే. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే ఉద్యోగానికే ఎసరు పెట్టే చట్టం మరొకటి. ఇన్ని అయ్యాక రాత్రిపూట మిగిలిన ఓపికతో ఆమె, లేక అతను, క్యాష్ బుక్కు రాయాలి.

2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ఆ రాష్ట్రంలో పంచాయతీలకు పాలకవర్గాలే లేవు. ట్రాక్టరు డీజిలుకు, వీధి దీపాలకు సొంత డబ్బు పెట్టుకున్నామని కార్యదర్శులు మొరపెట్టుకున్నారు. పాపం అనుకుని ఊరుకుంటే సరిపోదు. జేబులోంచి పెట్టినవాడు రేపు ఆ డబ్బు రాబట్టుకోవడానికి ఓచరు ఎలా రాస్తాడు? నిజాయితీపరుడి చేతనే దొంగలెక్క రాయించే పద్ధతి ఇది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. అక్కడా అదే 15,000. రెండేళ్లే ప్రొబేషన్ అన్నారు గానీ స్కేలు అందింది 2022 జూలై నుంచే. ఇదిగాక పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమకట్టుకుంటే, 2021లో సర్పంచులు రోడ్డెక్కారు. పై నుంచి ఖాతా ఖాళీ చేస్తుంటే 'ఇది చెల్లదు' అని కాగితం మీద రాయగల గుమాస్తాకు ఉద్యోగం ఖాయమై ఉండాలి. ప్రొబేషన్‌లో ఉన్నవాడు రాస్తాడా?

న్యాయమైన జీతం ఎంత అంటే కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. ట్రెజరీలో కూర్చుని ఇవే పద్దులు చూసే జూనియర్ అకౌంటెంటుకు ఎంత స్కేలో, పంచాయతీ అకౌంటెంటుకూ అంతే, చేరిన రోజు నుంచే. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికీ సమాన వేతనమే ఇవ్వాలని 2016 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు పంజాబ్ కేసులో చెప్పనే చెప్పింది. కామర్సు చదివినవాళ్లనే తీసుకోవాలి. జీతం రాష్ట్ర ఖజానా నుంచి రావాలి, ఊరి గ్రాంటు నుంచి కాదు. కేరళ పంచాయతీ ఆఫీసులో సెక్రటరీతోపాటు అకౌంటెంటు, గుమాస్తాలు ఉంటారు. నిజమే, అక్కడి పంచాయతీలు పెద్దవి, రాష్ట్రమంతా కలిపి వెయ్యికి లోపే. తెలంగాణలోనే పన్నెండు వేల పైచిలుకు ఉన్నాయి. ఊరికొకరు వీలుకాకపోతే మూడు నాలుగు చిన్న ఊళ్లకు ఒకరిని పెట్టి, తిరగడానికి భత్యం ఇవ్వవచ్చు.

మంచి జీతం తీసుకుంటూ లంచాలు మేసేవాళ్లు లేరా? ఉన్నారు. అందుకే జీతం పెంచి వదిలేయమని మేము అనడం లేదు. 2006 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి పనుల సామాజిక తనిఖీ జరిగింది. మస్టరు ఊరి మధ్య బిగ్గరగా చదివితే ఎవరి పేరున ఎవరు డబ్బు తిన్నారో కూలీలే లేచి చెప్పారు. పంచాయతీ క్యాష్ బుక్కునూ అట్లాగే చదివించాలి. చదివినదానికి జవాబు చెప్పగల మనిషి ఆ కుర్చీలో ఉండాలి. తెలంగాణలో పారిశుధ్య కార్మికుడికి 2023లో పెంచిన తరువాత వచ్చినది 9,500 రూపాయలే. ఖాతా ఎక్కడ చిక్కుపడినా ముందు ఆగేది అతని డబ్బే కనుక, అతని జీతం, లెక్క రాసేవాడి జీతం ఒకే కోరికల పత్రంలో ఉండాలి.

రాబోయే గ్రామసభలో సంఘం తరఫున ఈ తీర్మానం పెట్టండి. తీర్మానం రాసేది కూడా ఆ కార్యదర్శే. మినిట్స్ పుస్తకంలో ఎక్కిందో లేదో, వేలిముద్ర వేసే ముందు ఒకసారి చదివించుకోండి.