చార్జర్ మీద ‘గ్యాన్’ అని ఉందా? అదేంటో తెలుసా!

ఈమధ్య మా ఆఫీసులో అందరి బ్యాగుల్లోనూ ఒకటే మార్పు. ఇటుకలాంటి ల్యాప్‌టాప్ అడాప్టర్ పోయి, అరచేతిలో ఇమిడిపోయే 65 వాట్ల చార్జర్ వచ్చింది. దాని మీద ‘గ్యాన్’ అని ఉంటుంది. అదేదో కంపెనీ పేరు అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కాదండీ, గాలియం నైట్రైడ్‌ని పొట్టిగా అలా అంటారు.

ఫార్ములా చూస్తే చాలా సింపుల్. ఒక గాలియం, ఒక నైట్రోజన్, అంతే. గాలియం లోహం సుమారు 30 డిగ్రీలకే కరుగుతుంది, మన ఎండాకాలంలో డబ్బాలోనే ద్రవంలా ఉంటుందన్నమాట. దాన్ని బాగా వేడి చేసి మీదుగా అమోనియా పంపితే గాలియం నైట్రైడ్ పొడి వస్తుంది. 1930ల్లోనే చేసి చూపించారు. మరి మన దాకా రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది?

ఎలక్ట్రానిక్స్‌కి పొడి పనికిరాదు, స్ఫటికం కావాలి. సిలికాన్ అయితే కరిగించి కడ్డీలా పైకి లాగుతారు. ఇది అలా లొంగదు. మామూలు పీడనంలో వేడి చేస్తే కరిగేలోపే నైట్రోజన్ ఎగిరిపోతుంది. కరిగించాలంటే 2200 డిగ్రీలు దాటాలి, గాలి పీడనానికి 60 వేల రెట్ల పీడనం కావాలి. ఫ్యాక్టరీలో జరిగే పనేనా?

అందుకే వేరే పదార్థపు పలక మీద పొరలా పెంచుతారు. సుమారు 1000 డిగ్రీల దగ్గర ట్రైమిథైల్ గాలియం ఆవిరినీ, అమోనియానీ సఫైర్ పలక మీదకి వదులుతారు. కానీ రెండింటిలో పరమాణువుల మధ్య దూరాలకు సుమారు 16 శాతం తేడా. దాంతో పొర నిండా పగుళ్లు, గుంటలు. 1986లో జపాన్‌లోని నగోయా యూనివర్సిటీలో ఇసాము అకసాకి, ఆయన విద్యార్థి హిరోషి అమానో ముందుగా తక్కువ వేడిలో అల్యూమినియం నైట్రైడ్ పొర పల్చగా వేశారు. దానిపై గాలియం నైట్రైడ్ అద్దంలా పెరిగింది.

ఇక్కడితో అయిపోలేదు. ఎల్‌ఈడీకి ఎలక్ట్రాన్లు కొరవడిన పొర, అంటే పి-టైప్ పొర కూడా కావాలి. మెగ్నీషియం కలిపితే రావాలి, రాలేదు. 1989లో ఎలక్ట్రాన్ పుంజం తగిలిస్తే వచ్చింది. ఎందుకొచ్చిందో తేల్చింది నిచియా కంపెనీ ఇంజినీరు షూజి నకమురా. అమోనియాలోంచి వచ్చిన హైడ్రోజన్ మెగ్నీషియాన్ని పట్టుకుని పనిచేయనివ్వట్లేదు! అమోనియా బదులు నైట్రోజన్‌లో 700 డిగ్రీలు దాటించి వేడి చేస్తే హైడ్రోజన్ వదిలిపోయింది. రోజూ బగ్స్‌తో కుస్తీ పట్టే నాకు ఈ కథలో బాగా నచ్చిన ముక్క ఇదే. కోడ్ కరెక్టే, రన్ చేసిన వాతావరణంలోనే తేడా.

1993లో మంచి వెలుగునిచ్చే నీలి ఎల్‌ఈడీ వచ్చింది. దానికి పసుపు ఫాస్ఫర్ పూస్తే తెల్ల వెలుగు. మీ ఇంట్లో బల్బూ, ఫోన్ ఫ్లాష్‌లైటూ అదే. నకమురాకి కంపెనీ ఇచ్చిన బోనస్ 20 వేల యెన్లు. ఆయన కోర్టుకెక్కితే 2005లో సుమారు 84 కోట్ల యెన్లకి రాజీ కుదిరింది. 2014లో ముగ్గురికీ కలిపి ఫిజిక్స్ నోబెల్.

మరి చార్జర్ సంగతి? సిలికాన్‌లో ఎలక్ట్రాన్ బంధం తెంచుకుని బయటపడటానికి 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. ఇందులో 3.4 కావాలి. అందుకే సిలికాన్ కంటే సుమారు పది రెట్లు బలమైన విద్యుత్ క్షేత్రాన్ని తట్టుకుంటుంది. అదే వోల్టేజీకి ట్రాన్సిస్టర్ చిన్నదైపోతుంది, తక్కువ నష్టంతో చకచకా ఆన్-ఆఫ్ అవుతుంది. చార్జర్ కరెంటుని ముక్కలు ముక్కలుగా కోసి పంపుతుంది కదా. ఎంత వేగంగా కోస్తే ఒక్కో ముక్కలో అంత తక్కువ శక్తి, ట్రాన్స్‌ఫార్మర్ కూడా అంత చిన్నది. సైజు తగ్గింది అక్కడే. అయితే లోపల గ్యాన్ ఉండేది ఆ ట్రాన్సిస్టర్‌లోనే, అదీ ఎక్కువగా సిలికాన్ పలక మీద పెంచిన పల్చటి పొరే. మిగతా భాగాలు నాసిరకమైతే పేరు చూసి కొన్నా లాభం లేదు.

గాలియం విడిగా గనుల్లో దొరకదు, ఎక్కువగా బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేటప్పుడు పక్కన వస్తుంది. ప్రపంచ ఉత్పత్తిలో అత్యధిక భాగం చైనాదే. 2023లో ఆ దేశం గాలియం ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇటు మన హైదరాబాద్‌లో, డీఆర్‌డీవోకి చెందిన గేటెక్‌లో గాలియం నైట్రైడ్ చిప్‌లు తయారవుతున్నాయి. అయితే అవి చార్జర్లకి కాదు, రక్షణ అవసరాలకి.